హునర్ మనది, గాహక్ ఎవరి చేతిలో?



శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో భావనపాడు అనే ఊరుంది. ఒకపక్క సముందర్, ఇంకోపక్క నౌపడ ఉప్పు మడులు. కాస్త లోపలికి వెళ్తే దూరదేశాల పక్షులు దిగే తేలినీలాపురం. దగ్గర్లోని మూలపేటలో 2023 ఏప్రిల్ 19న కొత్త ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. అంతకుముందు ఆ పోర్టుకు భావనపాడు పేరే ఉండేది.

ఈ ఒడ్డున హునర్‌కు కమీ లేదు. నీటి రంగు చూసి చేప జాడ చెప్పేవాళ్లున్నారు, వల అల్లేవాళ్లున్నారు, గాలి మళ్లకముందే పడవ మళ్లించేవాళ్లున్నారు. కమీ అంతా గాహక్‌దే. హునర్‌కు తగిన ధర ఇచ్చేవాడు ఊళ్లో దొరకడు. అందుకే ఈ జిల్లా మత్స్యకారులు ఏటా ఎంతో దూరం రైలెక్కి గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి, వేరేవాళ్ల బోట్ల మీద తండేళ్లుగా, కళాసీలుగా పనిచేస్తారు. 2018 నవంబరులో అలా పోయిన ఉత్తరాంధ్ర మనుషుల్ని పాకిస్తాన్ సముద్ర రక్షకులు పట్టుకున్నారు. వాళ్లలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దగ్గర మళ్లీ మన నేల మీద కాలు పెట్టారు. ఏడాదికి పైగా కరాచీ జైలు. బోటు వేరేవాళ్లది, సముద్రం వేరేవాళ్లది. ఆ ప్రయాణంలో వాళ్ల సొంతం అనుకోదగ్గది హునర్ ఒక్కటే.

మన ముసల్మాన్ ఖాందాన్ల పరేషానీ దీనికి చుట్టమే. ఈ జిల్లా జనాభాలో మనం ఒక శాతం కూడా లేం. షేర్వానీ బాగా కుట్టే దర్జీ ఉన్నా, తజ్వీద్ తెలిసిన హాఫిజ్ ఉన్నా, నస్తాలీఖ్ అందంగా రాసే అమ్మాయి ఉన్నా, ఆ హునర్ కోరుకునే గాహక్ ఆ వీధిలో దొరకడం కష్టం. ఇప్పుడు చేతిలో ఫోన్ ఉంది, ఫోన్‌లో దునియా ఉంది. 2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది, సెప్టెంబరులో జియో వచ్చింది. అప్పటి నుంచి ఊళ్లో కూర్చునే దూరపు గాహక్‌తో పని మాట్లాడుకుని పైసలు అందుకునే వీలు మామూలు ఇళ్లకూ చేరింది. "మాకొచ్చిన పనితో ఇంట్లో కూర్చునే కమాయించాలంటే ఏ దారి పట్టాలి?" అని పిల్లలు అడుగుతున్నారు. ఫ్రీలాన్సింగా? యూట్యూబా? ఆన్‌లైన్ క్లాసులా? ఏదైనా తయారు చేసి అమ్మడమా?

ఈ సవాల్ కొత్తదిలా కనిపిస్తుంది గానీ నిజానికి చాలా పురానాది. తారీఖ్‌ను అడిగితే జవాబు చెబుతుంది.

పేరులోనే పేషా

హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) పాదుషా అయ్యుండి కూడా తన చేతి పనితోనే తినేవారని హదీసుల్లో వస్తుంది. అందుకేనేమో, మన ఉలమాల పేర్లలో చాలావరకు పేషాలే కనిపిస్తాయి. వక్ఫ్ మసాయిల్ మీద పేరుమోసిన కితాబు రాసిన ఇమామ్ ఖస్సాఫ్ చెప్పులు బాగుచేసి బతికారు. ఖస్సాఫ్ అంటేనే ఆ పనివాడు. జస్సాస్ అంటే గచ్చు పనివాడు. ఖఫ్ఫాల్ అంటే తాళాలు చేసేవాడు. షాఫయీ ఫిఖ్హ్‌లో పెద్ద ఆలిమ్ అయిన ఖఫ్ఫాల్ మర్వజీ నడి యవ్వనం దాకా తాళాలే చేశారు, ఆ తర్వాతే ఇల్మ్ వైపు తిరిగారు.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) కూఫాలో బట్టల తాజిర్. ఆ దుకాణం రాబడితోనే తన షాగిర్దుల ఖర్చు చూసుకున్నారు. ఆయన ఇల్మ్‌ను దర్బారుకు అమ్మలేదు. ఖాజీ పదవి ఇస్తామన్నా తీసుకోలేదు, జైలుకైనా వెళ్లారు. ఎలా కాదనగలిగారు? ఈమాన్ ఒక కారణం. పొట్ట కోసం ఖలీఫా చేతి వైపు చూడాల్సిన అవసరం లేకపోవడం రెండో కారణం. తన గాహక్‌లు తనకు ఉన్నారు.

హజ్రత్ ఖదీజా (రజియల్లాహు అన్హా) మక్కాలో ఉండే షామ్ దాకా తిజారత్ నడిపారు. సరుకు ఆవిడది, ప్రయాణం నమ్మకస్తుడైన మరొకరిది, లాభంలో ఇద్దరికీ హిస్సా. ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆవిడ సరుకుతో షామ్ వెళ్లిన సంగతి సీరత్ చదివిన పిల్లలందరికీ తెలుసు. ఇంట్లో ఉండి దూరంతో వ్యాపారం చేసే ఆడవాళ్లు మన తారీఖ్‌కు వింత కాదు.

బదర్ తర్వాతి వాకియా కూడా సీరత్‌లో వస్తుంది. ఫిద్యా కట్టలేని ఖైదీల్లో చదువొచ్చిన వాళ్లకు, మదీనా పిల్లలు పది మందికి రాయడం నేర్పితే విడుదల అనే షరతు పెట్టారు. చేతిలో దీనార్ లేని మనిషికి వచ్చిన విద్యే దీనార్ అయింది.

నేతగాడు, మున్షీ

ఇప్పుడు మన గడ్డకు వద్దాం. శ్రీకాకుళాన్ని ఆంగ్లేయులు చికాకోల్ అనేవారు. ఖుతుబ్‌షాహీల జమానాలో ఇది ఒక సర్కారు కేంద్రం. ఫౌజ్‌దార్ శేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మస్జిద్ 17వ శతాబ్దం నుంచి అక్కడే నిలబడి ఉంది. చికాకోల్ మస్లిన్ పేరు అప్పట్లో దూరదూరాలకు పాకింది. ఆ నాజూకు చేతిపని ఆనవాలు ఇప్పటికీ పొందూరు ఖద్దరులో కనిపిస్తుంది. అక్కడ పత్తిని శుభ్రం చేయడానికి వలుగ చేప దవడ ఎముక వాడతారు. నీరు ఇచ్చిన ఎముకతో నేల ఇచ్చిన పత్తిని దువ్వే హునర్ అది.

అంత హునర్ ఉన్న నేతగాళ్లు ఎందుకు గరీబులయ్యారు? యంత్రం వచ్చి ముంచింది నిజమే. అంతకుముందే ఇంకోటి జరిగింది. 1766లో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కార్లను కంపెనీకి ఒప్పజెప్పాడు. కంపెనీ గుమాస్తాలు నేతగాళ్లకు ముందుగానే పైకం ఇచ్చేవారు. దాన్నే దాద్‌నీ అనేవారు. దాద్‌నీ తీసుకున్న మగ్గం మీద నేసిన బట్ట కంపెనీకే పోవాలి, కంపెనీ చెప్పిన ధరకే పోవాలి. లండన్‌లో ఆ మస్లిన్ కట్టుకునే గాహక్‌కు నేతగాడి పేరు తెలియదు, నేతగాడికి ఆ గాహక్ ముఖం తెలియదు. నడుమ నిలబడ్డవాడికే ఇద్దరూ తెలుసు. ధర నిర్ణయించే తాఖత్ కూడా వాడికే దక్కింది.

మున్షీల కథ ఇంకోలా నడిచింది. ఫార్సీ రాయగలిగినవాడికి ఆ రోజుల్లో దఫ్తర్లలో ఎదురులేదు. ఫర్మానా, రసీదు, ఫిర్యాదు, అన్నీ ఫార్సీలోనే. 1837లో కంపెనీ సర్కారు అదాలతుల్లో ఫార్సీని పక్కకు పెట్టే చట్టం తెచ్చింది. ముఖ్యంగా బంగాళా వైపు, తరాలుగా ఆ ఇల్మ్ మీదే బతికిన ఖాందాన్ల కాళ్ల కింద నేల కదిలింది. వాళ్ల ఫార్సీ ఒక్క రోజులో పాడైపోలేదు. ఆ ఫార్సీని కొనే ఒకే ఒక గాహక్ మనసు మార్చుకున్నాడు, అంతే.

ఇటు మద్రాసులో 1812లో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ పెట్టారు. అందులో తెలుగు పండితులు, మున్షీలు తెల్లదొరలకు భాషలు నేర్పి నెల జీతం తీసుకున్నారు. అక్కడ చదువుకున్న సి.పి. బ్రౌన్ ఆ తర్వాత సొంత ఖర్చుతో పండితుల్ని పెట్టుకుని తాళపత్రాలు సరిచూయించాడు. 1852లో ఆయన తెలుగు నిఘంటువు వచ్చింది. తెలుగుకు అది పెద్ద ఎహసాన్, అందులో షక్ లేదు. అయితే మన నోట ఈనాటికీ నిలిచింది బ్రౌన్ పేరే. దాని వెనుక పనిచేసిన జూలూరి అప్పయ్య లాంటి పండితుల పేర్లు ఎందరికి తెలుసు? జీతానికి పని చేసినప్పుడు జీతం మనకు, పేరు యజమానికి. ఇందులో తప్పేం లేదు, ముందే తెలిసి ఒప్పుకుంటే చాలు.

ఈ రెండు కిస్సాలను నేటి ఫోన్ మీద పెట్టి చూడండి. 2010లో మొదలైన ఫైవర్ లాంటి బజార్లలో డిజైన్, తర్జుమా, డేటా పని చేసేవాళ్లు లక్షల్లో ఉన్నారు. గాహక్‌ను తెచ్చిపెట్టినందుకు ఫైవర్ ప్రతి 100 రూపాయల్లో 20 ఉంచుకుంటుంది. గాహక్‌తో బయట మాట్లాడుకుని పైసలు తీసుకోకూడదని షరతు. కొత్తవాడికి ఇది మంచి దర్వాజానే. దర్వాజాలో నిలబడి అదే ఇల్లనుకుంటే మాత్రం నేతగాడి కథ మళ్లీ మొదలవుతుంది. 2020 జూన్ 29న సర్కారు టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను ఆపేసింది. రాత్రి లక్షల మంది అభిమానులున్న తెలుగు పిల్లలకు తెల్లారేసరికి ఒక్కరూ మిగల్లేదు. అదే 1837 అనుకోండి.

కాతిబ్ కలం

ఉర్దూ కాతిబ్‌ల సంగతి మనవాళ్లకు బాగా దగ్గర. అఖ్బార్లు, కితాబులు, షాదీ రుఖాలు, అన్నీ చేత్తో రాసి అచ్చు వేసిన జమానా అది. చెన్నైలో 1927లో మొదలైన 'ద ముసల్మాన్' అఖ్బారు దశాబ్దాల పాటు చేతి కితాబత్‌తోనే వచ్చింది. 1981లో లాహోర్‌లో 'జంగ్' అఖ్బారు నూరీ నస్తాలీఖ్ అనే కంప్యూటర్ ఖత్‌తో వెలువడింది. 1994లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక హైదరాబాద్‌లోనూ కలం పక్కకు జరిగింది. పేజీ లెక్కన రాసిన కాతిబ్‌లకు పేజీలే లేకుండా పోయాయి. కొందరు ఛత్తా బజార్‌లో షాదీ రుఖాల వైపు మళ్లారు. కొంతకాలానికి అక్కడికీ కంప్యూటర్ వచ్చింది.

అంతమాత్రాన ఖత్తాతీ చచ్చిపోయిందా? లేదు. సమాచారం రాసిపెట్టడానికి కాతిబ్ అక్కర్లేకపోయాడు గానీ, గోడ మీద పెట్టుకునే ఆయత్ కోసం, ఇంటి పేరు కోసం, చేతి రాత నేర్చుకోవడం కోసం గాహక్ ఉన్నాడు. యంత్రం తక్కువ ఖర్చుతో చేసే పని నుంచి తప్పుకుని, మనిషి చెయ్యే కావాలని అడిగే పని వైపు జరిగినవాళ్లు నిలబడ్డారు.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. మామూలు తర్జుమా, మామూలు లోగో, మామూలు వ్యాసం అది క్షణంలో చేసిపెడుతోంది. ఇన్‌పేజ్ రోజులు మళ్లీ వచ్చాయనుకోవచ్చు. తెలుగు, ఉర్దూ రెండూ తెలిసిన పిల్లలు ఒక సంగతి గమనించాలి. ఒక పాత వక్ఫ్‌నామాను చదివి, అందులోని రివాజు అర్థం చేసుకుని, తెలుగు వకీలుకు అర్థమయ్యేలా చెప్పడం వేరే హునర్. మన తాతల కాగితాలు ఇంకా పెట్టెల్లో ఉన్నాయి, చదివేవాళ్లే తక్కువ. అరుదైన చోట నిలబడ్డవాడికే ధర.

హకీం సాహెబ్ సీసా

హైదరాబాద్‌లో హకీం ముహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో జిందా తిలిస్మాత్ మొదలుపెట్టారు. మన ఇళ్లల్లో నానీమా పెట్టెలో ఈ సీసా ఉండేది, చాలా ఇళ్లల్లో ఇప్పటికీ ఉంది. జలుబుకు, దగ్గుకు, కడుపు నొప్పికి అదే.

హకీం సాహెబ్ చేసిన పనిలో అసలు తెలివి ఎక్కడుందో చూడండి. హకీం నబ్జ్ పట్టి చూస్తే ఒక రోజులో కొద్ది మందికే మందు ఇవ్వగలడు. మతబ్ మూస్తే కమాయీ ఆగుతుంది. అదే ఇల్మ్‌ను సీసాలో పోస్తే హకీం నిద్రపోతున్నా సీసా ప్రయాణం చేస్తుంది. పైగా సీసా మీద పేరు ఆయన కార్ఖానాదే. దుకాణదారు ఎవరైనా కానీ గాహక్ జిందా తిలిస్మాత్ అనే పేరు పెట్టే అడుగుతాడు.

ఢిల్లీలో హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ 1906లో పెట్టిన హందర్ద్ కూడా అదే బాటలో నడిచింది. 1948లో ఆయన కొడుకు హకీం అబ్దుల్ హమీద్ దాన్ని వక్ఫ్‌గా మార్చారు. ఒక హకీం ఇల్మ్ కార్ఖానాగా మారి, కార్ఖానా తాలీమీ ఇదారాలకు ఆసరాగా నిలిచింది.

ఆన్‌లైన్‌లో సీసా అంటే ఏమిటి? ఒకసారి తయారు చేసి పదిసార్లు అమ్మగలిగేది ఏదైనా సీసానే. దర్జీకి కొలతల నమూనాలు, టీచర్‌కు వర్క్‌షీట్లు, అకౌంటెంట్‌కు చిన్న దుకాణాల లెక్కల పట్టిక, ఖత్తాత్‌కు ప్రింట్ తీసుకునే తుగ్రాలు. కష్టం మొదట్లో ఎక్కువ, రాబడి ఆలస్యం. అందుకే ఖాళీ కడుపుతో సీసా తయారు చేయడం కుదరదు. ఫారూఖీ సాహెబ్ కూడా ముందు హకీం, తర్వాతే కార్ఖానాదార్. ముందు పదిమందికి విడివిడిగా పని చేసి పెట్టినవాడికే సీసాలో ఏం పోయాలో తెలుస్తుంది.

ఉస్తాద్ ఉజ్రత్

నేర్పి కమాయించడం మనవాళ్లకు అన్నిటికంటే సహజంగా అనిపించే దారి. ఇక్కడ ఒక దీనీ బహస్ ఉంది. ఖుర్ఆన్ నేర్పినందుకు ఉజ్రత్ తీసుకోవచ్చా?

పాత హనఫీ ఇమాములు వద్దన్నారు. ఇబాదత్‌కు కూలీ ఏమిటన్నది వాళ్ల మాట. ఆ రోజుల్లో ముఅల్లిమ్‌లకు బైతుల్ మాల్ నుంచి వజీఫా అందేది. వజీఫాలు ఆగిపోయాక ఉస్తాద్ ఇల్లు గడవక వేరే పని చూసుకుంటే పిల్లలకు ఖుర్ఆన్ ఎవరు నేర్పుతారన్న భయం పట్టుకుంది. బల్ఖ్ ప్రాంతపు తర్వాతి తరం హనఫీ ఉలమా జరూరత్ చూసి ఇజాజత్ ఇచ్చారు. మాలికీ, షాఫయీ ఉలమా మొదటి నుంచీ జాయిజే అన్నారు. మన మద్రసాల్లో ఉస్తాద్‌లకు తన్‌ఖా ఇవ్వడానికి ఆధారం ఇదే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇంట్లో కూర్చుని ఖుర్ఆన్ నేర్పే హాఫిజ్ సాహెబ్‌లు, ఆలిమా ఆపాలు ఫీజు అడగడానికి సిగ్గుపడతారు. అడిగేది సాధారణంగా వాళ్ల వక్త్‌కు ధర, కలామ్‌కు కాదు. మీ మస్అలా మీ ఇమామ్ సాహెబ్‌తో ఒకసారి మాట్లాడుకోండి, ఆపైన దిల్ నిబ్బరంగా ఉంచుకోండి. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న తెలుగు ముసల్మాన్ ఇళ్లల్లో పిల్లలకు తెలుగులో అర్థం చెప్పి తజ్వీద్ నేర్పే ఉస్తాద్ దొరకడం కష్టం. ఉర్దూలో నేర్పేవాళ్లు ఉన్నారు, ఇంగ్లీషులో ఉన్నారు. తెలుగులో, అదీ మన శ్రీకాకుళం యాసలో, ఇంటి మనిషిలా నేర్పేవాళ్లు అరుదు. మనం చిన్నచూపు చూసే యాసే ఇక్కడ మన ఖజానా.

మామూలు చదువులకూ ఇదే లెక్క. యూడెమీ లాంటి చోట కోర్సు పెడితే, యూడెమీ తానుగా తెచ్చిన గాహక్ కొన్నప్పుడు ఉస్తాద్‌కు దక్కేది 37 శాతం. ఉస్తాద్ తన లింకుతో తన షాగిర్ద్‌ను తెచ్చుకుంటే దక్కేది 97 శాతం. అదే కోర్సు, అదే ఉస్తాద్. గాహక్‌ను ఎవరు తెచ్చారన్న ఒక్క సంగతి మీద 60 శాతం తేడా! ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ రెండు అంకెల్లో ఉంది.

దేగ్ ముందు కెమెరా

ఇక యూట్యూబ్. తెలుగు నేల నుంచి దీనికి మంచి మిసాల్ ఖాజా మొయినుద్దీన్. మీడియా నౌకరీ వదిలి, దోస్తులతో కలిసి 2017లో 'నవాబ్స్ కిచెన్' చానల్ పెట్టారు. ఆరుబయట పెద్ద దేగ్‌లో బిర్యానీయో మరో వంటకమో వండి, దాన్ని యతీమ్ పిల్లలకు తినిపిస్తారు. వండే తీరు చూసేవాళ్లు దునియా అంతటా ఉన్నారు. చూసినవాళ్ల వల్ల వచ్చే రాబడితో తర్వాతి దేగ్ పొయ్యి మీదికి ఎక్కుతుంది.

ఈ దారి మెరుస్తుంది గానీ నిదానం. యాడ్ల రాబడికి ముందు 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ కావాలి. లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలు కావాలి. ఆ తర్వాతా ఏ వీడియో ఎవరికి చూపాలో నిర్ణయించేది యూట్యూబే. ఏ యాడ్ వస్తుందన్నది పూర్తిగా మన చేతిలో ఉండదు. శరాబు, జూదం, వడ్డీ లాంటి రకాల్ని ఆపుకునే సెట్టింగులు ఉన్నాయి, వాటిని వాడుకోవాలి. నా సలహా ఏమిటంటే, యూట్యూబ్‌ను దుకాణం అనుకోకండి, దుకాణం బోర్డు అనుకోండి. బోర్డు చూసి వచ్చినవాడికి లోపల మీ క్లాసో, మీ సీసానో, మీ పనో ఉండాలి.

ఈ దారిలో గుంటలు

ఒక ఖతర్నాక్ మాట చెప్పకుండా ముగించలేను. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఒక కేసు బయటపెట్టారు. కంప్యూటర్ మీద డేటా ఎంట్రీ పని, మంచి జీతం అని చెప్పి ఏజెంట్లు ఉత్తరాంధ్ర యువకుల్ని కంబోడియా పంపారు. అక్కడ వాళ్ల పాస్‌పోర్టులు లాక్కుని, మన దేశపు మనుషుల్నే ఫోన్‌లో మోసం చేసే పనిలో కూర్చోబెట్టారు. కాదంటే దెబ్బలు, అన్నం బంద్. పోయినవాళ్లు చదువుకున్న పిల్లలే, కష్టం చేయడానికి సిద్ధపడ్డ పిల్లలే. వాళ్లు అడగని సవాల్ ఒక్కటే: నేను చేసే పనికి అసలు గాహక్ ఎవరు?

గాహక్ ఎవరో తెలియని పని పట్టకండి. పని ఇవ్వడానికి ముందు మిమ్మల్నే పైసలు కట్టమంటే అది పని కాదు. లైక్ కొడితే 50 రూపాయలు అని మొదలుపెట్టి, తర్వాత వేలు వేయమనే టెలిగ్రామ్ గ్రూపులన్నీ ఫరేబే. మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

అమ్మేవాళ్లకూ ఒక హద్దు ఉంది. తన దగ్గర లేనిది అమ్మవద్దని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) మనా చేశారు. తాను ఒక్క రూపాయి కమాయించకుండానే నెలకు లక్ష కమాయించడం నేర్పుతానని కోర్సు అమ్మేవాడు సరిగ్గా ఆ పనే చేస్తున్నాడు. ఫలానా రాబడి గ్యారంటీ అనడం ఘరర్. నేర్పింది గ్యారంటీ ఇవ్వొచ్చు, రిజ్క్ గ్యారంటీ ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే.

మరి ఏది ఎంచుకోవాలి?

ఇంట్లో పెద్దలు, పిల్లలు కలిసి కూర్చుని ఈ నాలుగు సవాళ్లు వేసుకోండి.

ఒకటి, ఇంట్లో పైసలు ఎప్పటికి కావాలి? ఈ నెలకే కావాలంటే ఉజ్రత్ పనే పట్టాలి. ఫైవర్ అయినా, తెలిసినవాళ్ల దగ్గర దొరికే పని అయినా సరే. ఆరు నెలలు ఆగగలిగితే క్లాసులు. ఏడాది ఆగగలిగితే సీసా. యూట్యూబ్‌కు మాత్రం గడువు పెట్టుకోకండి, పక్కన సాగనివ్వండి.

రెండు, మీ హునర్‌లో యంత్రం చేయలేనిది ఎంత? అది ఏ ముక్కలో ఉందో అక్కడికి జరగండి. కాతిబ్ కథ గుర్తుంచుకోండి.

మూడు, గాహక్ పేరు ఎవరి దగ్గర ఉంది? ప్లాట్‌ఫారం షరతులు మీరి దొంగచాటుగా గాహక్‌ను లాక్కోమని నేను చెప్పడం లేదు. ఒప్పుకున్న షరతు కూడా అమానతే. పక్కనే మీ సొంత చోటు ఒకటి మొదటి రోజు నుంచే పెంచుకోండి. మీ పేరుతో ఒక చిన్న వెబ్‌సైటో, ఇజాజత్ ఇచ్చిన షాగిర్దుల వాట్సాప్ జాబితానో, ఈమెయిల్ జాబితానో. రేపు ఏ యాప్ మూతబడ్డా ఆ జాబితా మీతో ఉంటుంది.

నాలుగు, ఒక్క తీగ మీద ఇల్లంతా వేలాడుతోందా? 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు రాలేదు. ఈ తీరంలో ఉండి ఆన్‌లైన్ రోజీ నడిపేవాళ్లు ముందే గాహక్‌కు ఒక రెండు రోజులు ఎక్కువ వాయిదా చెప్పాలి, పని ఇంకో చోట దాచిపెట్టుకోవాలి, మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోవాలి.

ఈ నాలుగూ చూసుకున్నాక ఒక్కటే దారి పట్టండి. నాలుగు దారుల్లో నాలుగు అడుగులు వేస్తే ఎక్కడికీ చేరం. చాలామందికి కుదిరే వరుస ఇది: ముందు ఉజ్రత్‌కు పని చేసి చెయ్యి తిప్పుకోవడం, తర్వాత అదే పని పదిమందికి నేర్పడం, ఆ తర్వాత సీసాలో పోయడం. హకీం సాహెబ్ నడిచిందీ ఇలాంటి దారే.

భావనపాడు పక్కన పోర్టు పూర్తయ్యాక ఓడలు వస్తాయి, కొత్త నౌకరీలు కూడా రావచ్చు, ఇన్షా అల్లాహ్. అప్పుడూ ఇదే సవాల్ మన ముందు ఉంటుంది. ఓడ ఎవరిది, సరుకు ఎవరిది, సరుకు మీద పేరు ఎవరిది? నేతగాడికి ఆ సవాల్ వేసుకునే మౌఖా దొరకలేదు. మన పిల్లలకు దొరికింది.

అల్లాహ్ మన చేతుల్లో హునర్, మన హునర్‌లో అమానత్, మన కమాయీలో బర్కత్ పెట్టాలి. ఆమీన్.